బొంత కొత్తదేనని ధృవీకరించడమైనది

సూదిలో దారం ఎక్కించడంలో నన్ను మించినవాడు మా పొట్టిమెరకలో లేడు. నాకు డెబ్భై తొమ్మిదేళ్ళు. కళ్ళజోడు లేదు. సూది ఎంత సన్నదైనా, దారం ఎంత జారుడుదైనా ఒక్క విసురు, అంతే. కుడిచెయ్యి ఖాళీ లేకపోతే ఎడంచేత్తో. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది గుడ్డలు కుట్టే సంగతి. రాసేవాడికి ఆ విద్య వచ్చునా రాదా అని మీకు అనుమానం ఉండకూడదు.

అసలు కుట్టుపని మా చెల్లెలు మంగతాయారుది. మా ఊళ్ళో బిడ్డ పుడితే ఒంటిమీద మొదట కొత్తగుడ్డ వెయ్యరు. నిండా బతికిన ముసలివాళ్ళ చీరో పంచో తీసుకుని, మెత్తగా ఉతికి, దాంతో జుబ్బా కుట్టి తొడుగుతారు. కొత్తగుడ్డ పసి ఒంటికి గుచ్చుకుంటుంది. పైగా ఆ ముసలివాళ్ళ ఆయుష్షు బిడ్డకి అంటుకుంటుందని నమ్మకం. బారసాల నాడు ఉయ్యాల్లో పరిచే బొంత కూడా అంతే. నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఏ ఇంట పురుడైనా పాతచీర మంగతాయారు దగ్గరకే వచ్చేది. కొంగు టోపీ అయ్యేది, అంచు జుబ్బాకి పట్టీ అయ్యేది, నడిమి భాగం బొంత అయ్యేది. మిగిలిన పీలికలు కూరి ఏనుగుబొమ్మ చేసేది. ఏనుగని ఆవిడ అనేది. చూసినవాళ్ళు పందికొక్కు అనేవారు. పిల్లలు మాత్రం ఏమీ అనకుండా నోట్లో పెట్టుకునేవారు.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదు కాబట్టి అంతా సవ్యంగా జరిగింది.

తర్వాత తెలిసింది. పట్నంలో ఏదో ప్రదర్శనలో ఎవరో పెద్దమనిషి పాతచీరతో కుట్టిన బొమ్మని చూసి, వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చి కంటతడి పెట్టుకున్నాడట. ఆయన కళ్ళు ఆరేలోపల పాతగుడ్డల పునర్వినియోగ శాఖ అని ఒకటి పుట్టింది. దానికి జిల్లాకో అధికారి, మండలానికో పరిశీలకుడు, ఊరికో లక్ష్యం. పిల్లల జుబ్బాలూ టోపీలూ బొమ్మలూ అన్నీ పాతగుడ్డతోనే కుట్టి బహుమతులుగా ఇచ్చుకోవాలి. అందులో మోసం జరక్కుండా, కుట్టే ముందు ఆ గుడ్డ పాతదేనని శాఖ ధృవీకరించాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మంగతాయారు కూతురు భవాని పుట్టింట్లో మగబిడ్డని కన్నది. నాలుగో రోజుకల్లా బొంత తయారైంది. మా అమ్మ కట్టిన నేతచీరతో కుట్టింది మంగతాయారు. మా అమ్మ తొంభై ఆరేళ్ళు బతికింది, చివరి రోజు దాకా పాలవాడితో పోట్లాడింది. ఆ చీరని నాలుగు మడతలు వేసి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే అది వెన్నలా తయారైంది. నేను చెయ్యి వేసి చూస్తే నాకే అందులో పడుకోవాలనిపించింది.

దాన్ని దండెం మీద ఆరేసి ఉండగా మండల జీర్ణతా పరిశీలకుడు చక్రధరం వచ్చాడు. అతని పని గుడ్డ ఎంత పాతదో చూడటం. చేతిలో భూతద్దం, చంకలో ఫైలు.

"ఇది పాతగుడ్డేనా అండీ?"

"మా అమ్మ చీర నాయనా. యాభై ఏళ్ళ నాటిది" అంది మంగతాయారు.

"కొన్నప్పటి రసీదు?"

"చీరెలు భుజాన వేసుకుని వీధిలో అమ్ముకునేవాడి దగ్గర కొన్నది. వాడికి రాయడం రాదు, మా అమ్మకి చదవడం రాదు. ఇంక రసీదు ఎవరికోసం?"

చక్రధరం భూతద్దంతో అంచు చూశాడు, మధ్య చూశాడు, వాసన చూశాడు. ఫైలు తీసి నిబంధన చదివాడు. ఏడేళ్ళు పైబడి ధరించినట్టు రుజువున్నదే పాతగుడ్డ. రుజువు లేనిది కొత్తగుడ్డగా భావించబడును. కొత్తగుడ్డతో బొంత కుట్టి పాతదని చెప్పడం శాఖని తప్పుదోవ పట్టించడం.

"చిరుగు చూడవయ్యా. ఇదిగో, నీ వేలు దూరుతోంది" అన్నాను నేను.

"చిరుగు దాఖలా కాదు తాతగారూ. కొత్తది కూడా చిరుగుతుంది."

అని బొంతని మడిచి, కాగితంలో చుట్టి, లక్కముద్ర వేసి తీసుకుపోయాడు. మర్నాడు ఉత్తరం వచ్చింది.

"విషయము: పొట్టిమెరక గ్రామము – శ్రీమతి మంగతాయారు – శిశు సంబంధ బొంత ఒకటి – జీర్ణతా నిరూపణ లేమి – గురించి. పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, సదరు బొంత పరీక్షాధీనమై శాఖ బీరువాయందు భద్రపరచబడినది. తగు నిరూపణలతో హాజరై విడిపించుకొనవచ్చును."

మంగతాయారు ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఇరవై ఒకటో రోజు బారసాల అన్నయ్యా. ఉయ్యాల్లో అమ్మ చీర లేకుండా నా మనవణ్ణి వెయ్యను. వెళ్దాం పద" అంది.

ఆరో రోజు పొద్దున్నే బస్సెక్కాం. సాక్ష్యానికి ఇస్త్రీబండి పోలయ్యని తీసుకెళ్ళాం. పోలయ్య తండ్రి, తాత మా ఊరి బట్టలన్నీ ఉతికినవాళ్ళు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి అంచు మూల నల్లజీడి పిక్కతో గుర్తు పెట్టేవారు. గుడ్డ పోతుంది గాని ఆ గుర్తు పోదు.

జిల్లా అధికారి ఉమాపతి గారు. మంచి గంభీరమైన మనిషి. ఆయన గదిలో గోడమీద "జీర్ణమే జీవనం" అని రాసి ఉంది. అన్నంగురించో గుడ్డగురించో తేల్చుకోలేకపోయాను.

"గుడ్డ మొదటి ధారకురాలు ఎవరు?" అని అడిగారు.

"మా అమ్మండి."

"ఆమె స్వయంగా హాజరై, సదరు వస్త్రమును ఏడేళ్ళు కట్టితినని సంతకం చేయాలి."

"ఆవిడ పోయి పదకొండేళ్ళయిందండి."

ఉమాపతి గారు కాసేపు ఆలోచించారు. మనిషి కఠినుడు కాదు. "సరే, రానవసరం లేదు. రాలేకపోవుటకు కారణం తెలుపుతూ ఒక అర్జీ పంపమనండి చాలు" అన్నారు.

మంగతాయారు నా మొహం చూసింది. నేను పోలయ్య మొహం చూశాను. పోలయ్య లక్కముద్ర వేసిన పొట్లం చూపించి, "ఓ మూల విప్పండి బాబూ" అన్నాడు. విప్పారు. "ఇదిగో, మూడు చుక్కలు, అడ్డంగా గీత. మా నాన్న పెట్టిన గుర్తు. మా నాన్న పోయి ముప్పై ఏళ్ళు. పోయాక వచ్చి పెట్టలేదు గదండి."

"గుర్తు బాగుంది. కింద తేదీ ఏది?"

"గుడ్డకి తేదీ ఎవరేస్తారు బాబూ?"

"అదే లోపం" అని ఉమాపతి గారు ముద్ర మళ్ళీ వేయించారు.

అయితే అప్పటికి ఆయనకి ఆయన కష్టం ఒకటుంది. పైనుంచి పాతగుడ్డ వారోత్సవాలు ప్రకటించారు. నెలాఖరుకి జిల్లానుంచి మూడువందల శిశు బహుమతులు, ధృవీకరించిన పాతగుడ్డతో కుట్టినవి, వెళ్ళాలి. జిల్లా మొత్తం మీద రుజువున్న పాతగుడ్డ ఒక్క జానెడు దొరకలేదు. రసీదులు ఉన్నవి పోయిన వారం కొన్నవాటికే.

"పాతవాటికి రసీదు లేదు. రసీదున్నవి పాతవి కాలేదు. శాఖ ఇరకాటంలో పడింది పెద్దాయనా" అన్నారాయన, నన్నేదో ఆర్థికవేత్త అనుకున్నట్టు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నేను చదివింది అయిదో తరగతి, మా ఊరి బళ్ళో. ఆ చదువులో నాకు మిగిలింది త్రైరాశికం ఒక్కటే. పదిమంది మనుషులు ఒక గోడని ఆరురోజుల్లో కడితే, ఇరవైమంది ఎన్నిరోజుల్లో కడతారు అనే లెక్క. ఆ లెక్కలో మా మాస్టారు మనిషికీ మనిషికీ తేడా ఒప్పుకునేవారు కాదు. వేళాకోళానికి అన్నాను.

"దానికేముందండి. ఒక చొక్కాని ఒక్కడు తొడుక్కుంటే ఏడేళ్ళకి పాతబడుతుంది. ఏడుగురు తొడుక్కుంటే ఏడాదికే పాతబడుతుంది. మూడువందల అరవై అయిదుమంది ఒకేసారి ఒకే చొక్కాలో దూరితే ఏడురోజుల్లో ఏడేళ్ళ పాతదవుతుంది."

నేను నవ్వాను. పోలయ్య నవ్వాడు. ఉమాపతి గారు నవ్వలేదు. కాగితం తీసుకుని గుణించారు, భాగించారు, సరిచూశారు. చక్రధరాన్ని పిలిచి మళ్ళీ చేయించారు. ఇద్దరికీ ఏడే వచ్చింది.

"ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదు?" అన్నారు మెల్లిగా.

గంట తిరక్కుండా ఉత్తర్వు టైపయింది. పొట్టిమెరక గ్రామములో త్వరిత జీర్ణతా శిబిరము. కొత్తగుడ్డ తానులు రసీదులతో సహా శాఖ సరఫరా చేయును. మూడువందల అరవై అయిదు మెడలు గల చొక్కా ఒకటి శ్రీమతి మంగతాయారు కుట్టవలెను.

"నా బొంత?" అంది మంగతాయారు.

"లక్ష్యం పూర్తయిన మరుక్షణం పరిశీలిస్తాం."

వచ్చేటప్పుడు బస్సులో నాతో మాట్లాడలేదు. మా ఊరు పొలిమేర దాకా వచ్చాక, "నోరు మూసుకుని కూర్చునే మందు ఏదన్నా ఉంటే బాగుండు అన్నయ్యా, నీకు" అంది.

ఏడో రోజు తానులు లారీలో దిగాయి. పదకొండు కుట్టుమిషన్లు బడి వరండాలో పెట్టారు. మెడల దగ్గర మాత్రం చేతికుట్టు. చొక్కా బడి దగ్గర మొదలై కాలవ లాకుల దాకా వచ్చింది. వరసకి అయిదు మెడలు, డెబ్భై మూడు వరసలు. చేతులు అంచునున్నవాళ్ళకే పెట్టారు. మధ్యవాళ్ళకి మెడలే.

ఉమాపతి గారు స్వయంగా వచ్చి, "సూదుల్లో దారాలెక్కించే పని ఎవరికి అప్పగించారు?" అని అడిగారు. ఊరంతా నన్ను చూపించింది. నేనే చెప్పుకుని తిరిగాను మరి. పొద్దున కాఫీ తాగి కూర్చున్నాను. దారం తడిపాను, కొస నలిపాను, ఒక కన్ను మూశాను, రెండోది మూశాను. గాలి తగుల్తోందని గోడవైపు తిరిగాను. దారం మంచిది కాదని మార్పించాను. అధికారి గారు పక్కనే నిలబడి, "నిదానంగా కానివ్వండి, నాణ్యత ముఖ్యం" అంటున్నారు. భోజనాల వేళకి భవాని బిడ్డనెత్తుకుని వచ్చి నా చేతిలోది చూసి, "మామయ్యా, అది గుండుసూది" అంది.

మొదట్లో చెప్పిన మాట మీరు కొట్టేసుకోవచ్చు. అసలు సూదుల్లో కూడా నాకు పదింటికి ఒకటి ఎక్కుతుంది, అదీ దబ్బనం అయితే.

ఆరు రోజుల్లో చొక్కా పూర్తయింది. పదమూడో రోజు పొద్దున పదిగంటలకి ఊరంతా దాంట్లో దూరాం. పది నుంచి అయిదు దాకా, మధ్యలో భోజన విరామం, అదీ చొక్కాలోనే. ఏడేళ్ళంటే పగలూ రాత్రీ కూడా కదా అని పోలయ్య అడిగాడు. ఆఫీసులో రోజంటే ఇదేనని ఉమాపతి గారు చెప్పారు.

ఆయన మైకు పట్టుకుని ముందు నడిచారు. "భుజములు కదిలించండి. మోచేతులు రాయండి. మధ్యవరుసలవారు కూడా సహకరించవలెను. అరుగుదల అందరి బాధ్యత."

ఆ వారం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకడికి పొలంలో నీళ్ళు కట్టే పనుంటే మూడువందల అరవై అయిదుమందిమీ వెళ్ళి నీళ్ళు కట్టాం. చొక్కా మలుపు తిరగడానికి అరగంట పట్టేది, అందాకా బస్సు ఆగేది. మూడోరోజున ప్రయాణికులే దిగి మమ్మల్ని పక్కకి తోశారు. అన్నం వేళ అంచువాళ్ళు తాము ఒక ముద్ద తిని లోపలివాళ్ళకి నాలుగు ముద్దలు పెట్టాలి. పదహారో వరసలో గంగరాజు, అతని బాబాయి కొడుకు సూరన్న పక్కపక్క మెడల్లో పడ్డారు. గట్టుతగాదాలో తొమ్మిదేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవు. రెండోరోజు గంగరాజుకి వీపు దురద పెట్టింది. చేతులు సూరన్నవే బయట ఉన్నాయి.

"ఒరే సూరిగా, కాస్త వీపు."

"ఎక్కడ?"

"కిందకి. ఇంకా కిందకి. గట్టు దాటి రాకు."

అలా మాటలు కలిశాయి. అయిదోరోజుకి గట్టు సంగతి వివరంగా గుర్తొచ్చి మళ్ళీ పోయాయి. మెడలు మాత్రం అక్కడే ఉన్నాయి, ఎటూ పోవడానికి లేదు. నలభయ్యో వరసలో మా ఎల్లారావు రెండు రోజులు నిలబడే నిద్రపోయాడు. నడిచింది చొక్కా.

మంగతాయారు నా ముందు మెడలో ఉండేది. రోజూ ఒకటే మాట. "పదిహేనో రోజు." "పదహారో రోజు." బిడ్డకి అందాకా ఏదో పంచెముక్క వేసి ఉంచారు. వాడు దానిమీద ఊరుకునేవాడు కాదు. వాడి ఏడుపు లాకుల దాకా వినిపించేది. ఏడుపు వినబడగానే ఆవిడ అటు నడిచేది, ఆవిడతో మేమందరం నడిచేవాళ్ళం. మొత్తం చొక్కా వచ్చి వాళ్ళింటి వాకిట్లో నిలబడితే వాడు మూడువందల అరవై అయిదు తలకాయల్నీ చూసి ఠక్కున మానేసేవాడు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం అయిదింటికి చక్రధరం భూతద్దంతో చొక్కా ఈ కొస నుంచి ఆ కొసకి పాక్కుంటూ వెళ్ళాడు. "జీర్ణత సంతృప్తికరం. ఏడు సంవత్సరముల పాతది" అని రాశాడు.

పోలయ్య బొటనవేలితో నలిపి చూశాడు. "ఒక్క ఉతుకు పడలేదు. గంజి కూడా పోలేదు బాబూ" అన్నాడు. ఆ మాట రాసుకోలేదు.

రాత్రికి రాత్రే చొక్కా జిల్లాకి వెళ్ళింది. దాంట్లోంచి మూడువందల జుబ్బాలు కుట్టించారట. అవి తొడిగిన పిల్లలందరూ వారోత్సవాల్లో ఒక్క గొంతుతో ఏడిస్తే, ఆ శాఖ పట్ల శిశువుల స్పందన అపూర్వం అని నివేదికలో రాసుకున్నారు.

ఇరవయ్యో రోజు మంగతాయారు, నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. ఆవిడని చూడగానే ఉమాపతి గారు కుర్చీలోంచి లేచి, "కూర్చోండమ్మా, చాలా శ్రమపడ్డారు" అన్నారు. ఆవిడ కూర్చుంది. బీరువాలోంచి పొట్లం వచ్చింది. దానిమీద కొత్త కాగితం అతికించి ఉంది. మా చెల్లెలు చదివింది.

"తుది నిర్ణయము. నిరూపణలు దాఖలు కానందున, సదరు బొంత కొత్తదేనని ధృవీకరించడమైనది."

"ఇస్తానన్నారుగా" అంది.

"పరిశీలిస్తాం అన్నామమ్మా. పరిశీలించాం. ఇది కొత్తది. కొత్తగుడ్డను బొంతగా వాడుటకు శాఖ అనుమతించదు. పాతబడ్డాక రండి."

"బీరువాలో ఉంటే ఎలా పాతబడుతుంది?"

"అది నిజమే" అన్నారాయన. న్యాయమైన మాటని ఒప్పుకునే గుణం ఆయనలో ఉంది.

"చొక్కాని తొడుక్కుని పాతది చేశాం కదా. బొంతని ఏం చేస్తే పాతబడుతుందండి?"

"పడుకోవాలి. దీనికి మెడలు లేవు."

"ఎంతమంది?"

ఆయన కాగితం తీశారు. "మీ అన్నగారి సూత్రం ప్రకారం మూడువందల అరవై అయిదుమంది, ఏడురోజులు."

మంగతాయారు పొట్లం విప్పి బొంతని బల్లమీద పరిచింది. రెండు మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. "పడుకోబెట్టండి మూడువందల అరవై అయిదుమందిని" అంది.

ఉమాపతి గారు బొంత చుట్టూ ఒకసారి నడిచారు. చక్రధరాన్ని పడుకోమన్నారు. అతనికి తల పడితే నడుం పట్టలేదు. అటెండర్ని ప్రయత్నించారు. పడుకున్నంతసేపూ బల్ల కిర్రుమంది తప్ప కుదరలేదు.

"దీనికి సరిపోయే మనిషి మా ఇంట్లో ఒకడున్నాడు" అంది మంగతాయారు. "పుట్టి ఇరవై రోజులు. వేరే పని లేదు. రోజుకి ఇరవై గంటలు పడుకుంటాడు. మీ ఆఫీసు లెక్కన మూడురోజుల పని ఒక్కరోజులో చేస్తాడు. ఆదివారాలు కూడా మానడు."

ఉమాపతి గారు ఆ గంటల్ని కాగితం మీద వేసి సరిచూశారు.

"ఇంత నిబద్ధత గల సిబ్బంది మా శాఖలో లేరు" అన్నారు ఉమాపతి గారు, చక్రధరం వైపు చూస్తూ.

అప్పటికప్పుడు ఉత్తర్వు తయారైంది. శిశు జీర్ణకారి అనే పదవి ఒకటి సృష్టించడమైనది. అర్హత: బొంతలో పట్టుట. విద్యార్హత అవసరం లేదు. బొంతను అభ్యర్థికి విధి నిర్వహణ నిమిత్తము అందజేయడమైనది. అరిగిపోయేవరకు తిరిగి అప్పగించనవసరం లేదు. పేరు అన్నచోట ఖాళీ వదిలారు. పేరు రేపు పెడతామని మంగతాయారు చెప్పింది.

మర్నాడు బారసాలకి చక్రధరం నియామక పత్రంతో వచ్చాడు. బిడ్డ అరికాలికి సిరా రాసి ముద్ర వేయించుకున్నాడు. మంగతాయారు మా అమ్మ చీరని ఉయ్యాల్లో పరిచింది. వాణ్ణి పడుకోబెట్టింది. వాడు అటూ ఇటూ కదిలి, ఏడుపు మానేసి, ఒళ్ళు విరుచుకుని పడుకున్నాడు. పేరంటాళ్ళు పాట ఎత్తుకునేలోపే విధుల్లో చేరిపోయాడు. బొంత తడిసింది.

"పని మొదలైంది, రాసుకో నాయనా" అంది మంగతాయారు.

చక్రధరం గడియారం చూసి వేళ రాసుకున్నాడు. వెళ్ళేముందు నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, వాళ్ళావిడకి ఎనిమిదో నెల అని, ఇంట్లో వాళ్ళ తాతగారి పంచె ఒకటుందని, రసీదు లేదని చెప్పాడు. మంగతాయారు దగ్గరకి పంపాను.

ఇదీ జరిగింది. ఇందులో మీకు నమ్మశక్యం కానిది ఏదన్నా ఉందేమోనని మళ్ళీ చదువుకున్నాను. మూడువందల అరవై అయిదు మెడలూ లెక్క ప్రకారం ఉన్నాయి. అరికాలి ముద్ర ఇప్పటికీ ఫైల్లో ఉంది. కల్పించింది ఒక్కటే. ఉమాపతి గారు కుర్చీలోంచి లేచి మా చెల్లెల్ని కూర్చోండమ్మా అన్నారని రాశానే, అది నేను పెట్టింది. ఆయన లేవలేదు, అనలేదు. ఆవిడే ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.